చిన్నదాని కొలతలు

ఆ ఇంట్లో పెద్దమ్మాయి పోయిన రోజు కూడా అన్ని రోజుల్లాగే తెల్లవారింది.

తల్లి ముందుగదిలో కత్తిరింపు బల్ల మీద ఎవరిదో కోటు గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తోంది. తండ్రి లిఫ్టు మెకానిక్కు. బూట్ల లేసులు కట్టుకుంటూ, ఆస్పత్రి లిఫ్టు మళ్ళీ మూడో అంతస్తులోనే ఆగిపోయిందనీ, ఆ అంతస్తంటే దానికెందుకంత ప్రేమో అర్థం కావడం లేదనీ గొణుక్కుంటున్నాడు. పెద్దమ్మాయి గుమ్మంలో నిలబడే టీ తాగింది. కూర్చుని తాగమంటే, కళ్ళద్దాల షాపు తీసే వేళయిపోయిందంది.

"అమ్మా, సాయంత్రం హాలు చూడ్డానికి నువ్వూ రావాలి. ఆ మెట్లు చూశావంటే నీకు మతిపోతుంది. పెళ్ళిరోజు నేను వాటి మీంచే దిగి వస్తా," అని కప్పు తీసుకెళ్ళి కుట్టుమిషను మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

"మిషను మీద కప్పు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలే!" అని తల్లి వెనకనుంచి కేకేసింది. పెద్దమ్మాయి ఆ కేక విన్నదో లేదో తెలియదు.

మధ్యాహ్నం కాకముందే ఫోను వచ్చింది. రాత్రంతా బేకరీలో పనిచేసి వచ్చి అప్పుడే నిద్రపోతున్న చిన్నమ్మాయి లేచి ఫోనెత్తింది. కాసేపు విన్నది. తరవాత "అమ్మా" అని మాత్రం అంది. షాపున్న వీధిలో ఒక సరుకుల వ్యాను వెనక్కి వస్తూ వస్తూ ఆగలేదు. అంతే జరిగింది. అంతకన్నా ఎక్కువ ఎవరు చెప్పినా తల్లి వినలేదు.

హాలు చూడడానికి ఎవరూ వెళ్ళలేదు.

మూడేళ్ళు గడిచాయి. తల్లి బట్టలు కుట్టడం మానలేదు. ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. వీధి చివర మనిషి కనబడితే చాలు, ఇంటి దాకా వచ్చేలోపు భుజమెంతో, చెయ్యెంతో, నడుమెంతో ఆమెకు తెలిసిపోతుంది. వచ్చినవాళ్ళ తృప్తి కోసం టేపు పెడుతుందే తప్ప, టేపు చెప్పేది ఆమెకు ముందే తెలుసు. ఇంట్లోవాళ్ళకు టేపు పెట్టడమంటే మరీ నామోషీ. "కన్న పిల్లల్ని కొలుచుకుంటారా ఎవరైనా?" అనేది. పిల్లలిద్దరికీ చిన్నప్పటినుంచీ కంటి కొలతే.

చిన్నమ్మాయి బేకరీలో పిండి కలిపే పనిలో స్థిరపడిపోయింది. ఊరంతా పడుకునే వేళకు వెళ్ళి, ఊరు లేచే వేళకు చంకలో వేడి బ్రెడ్డుతో ఇంటికొస్తుంది. పగలంతా నిద్ర. తల్లి మిషను చప్పుడు ఆమెకు జోలపాట. ఒకే ఇంట్లో ఉంటున్నా తల్లీకూతుళ్ళు ఎదురుపడేది గుమ్మం దగ్గరే. అక్కడా చిన్నదాని ఒంటి మీద ఎప్పుడూ బేకరీవాళ్ళిచ్చిన ఆ గోనెసంచిలాంటి తెల్ల చొక్కానే.

అదే బేకరీలో ఓవెన్ దగ్గర పనిచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానని చిన్నది చెప్పినప్పుడు ఇంట్లో పెద్ద గొడవేమీ జరగలేదు. అబ్బాయి మొదటిసారి భోజనానికి వచ్చి, చేతిలో చెంచా ఉండగానే కుర్చీలో నిద్రపోయాడు. తల్లి చెల్లెలు కూడా ఆ రోజు అక్కడే ఉంది. పిల్లలకు ఆవిడ పిన్ని. ఆవిడ అతని ముఖంలోకి వంగి చూసి, "బుద్ధిమంతుడే అక్కా. గురక కూడా పెట్టడం లేదు," అని తేల్చేసింది. తండ్రి నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన అలా నవ్వి చాలాకాలమైంది. ఆ నవ్వు చూసే తల్లి సరేనంది.

అప్పటినుంచీ తల్లిలో ఎక్కడలేని ఓపికా వచ్చింది. హాలు తనే వెళ్ళి మాట్లాడింది. పొడవాటి మెట్లున్న ఆ హాలే. సాయంత్రం దీపాలు పెట్టాక పెళ్ళి. ఎటు చూసినా తెల్ల పూలు. మీగడ రంగు పట్టు గుడ్డ తెచ్చి బీరువాలో పెట్టింది. ఇవన్నీ ఆమె ఎవరినీ అడగలేదు. అడగాలని తోచనూ లేదు.

ఒక పొద్దున చిన్నది బ్రెడ్డు బల్ల మీద పెట్టి, నిద్రకు వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"అమ్మా, పెళ్ళి ఎలా చేసుకోవాలో మేమిద్దరం అనుకున్నాం."

"అనుకోడానికేముంది? హాలుకి చెప్పేశాను కదా."

"హాల్లో కాదు. బేకరీలో."

తల్లి తలెత్తింది. "దేంట్లో?"

"బేకరీ పెరట్లో. పొద్దున్నే, మా పనయ్యే వేళకి. వచ్చినవాళ్ళందరూ చేతులు కడుక్కుని తలా ఒక ముద్ద పిండి పిసుకుతారు. అవన్నీ నేను కలిపి ఒకే పెద్ద రొట్టె చేస్తా. తను కాలుస్తాడు. అది కాలేలోపు మేం చెప్పుకోవాల్సిన మాటలు చెప్పుకుంటాం, సంతకాలు పెడతాం. తరవాత అందరం కూర్చుని ఆ రొట్టె తింటాం. అంతే."

తండ్రి బూటు లేసు వదిలేసి, "మరి నేను పిసికిన ముద్ద రాయిలా ఉంటే?" అన్నాడు.

"నీ ముద్ద నువ్వే తిను నాన్నా."

"బాగుంది. పెళ్ళికొచ్చినవాళ్ళతో వెట్టిచాకిరీ చేయించి పంపిస్తారన్నమాట."

"ఏమండీ, మీరు ఊరుకోండి. దాన్ని ఇంకా ఎగదోస్తున్నారు," అని తల్లి కసిరింది. చిన్నదానివైపు తిరిగి, "పొద్దున్నే ఎవరొస్తారే? ఆ పిండిలో, ఆ పొగలో? మీ పిన్ని ఒక్కతే చాలు, ఊరంతా చెప్పుకుని నవ్వడానికి," అంది.

"నవ్వితే నవ్వనీ. సాయంత్రమంటే మాకు అర్ధరాత్రితో సమానం. వాడు ఆ మెట్ల మీదే పడి నిద్రపోతాడు. మేం కలిసింది పిండి దగ్గరే. రోజూ మేమిద్దరం మెలకువగా, సంతోషంగా ఉండే వేళ అదొక్కటే. ఆ వేళ పెళ్ళి చేసుకుంటే తప్పా?"

"తప్పని కాదులే. అదీ చేసుకుందురుగాని. ముందు హాలు కానీ," అంది తల్లి, అక్కడితో ఆ మాట అయిపోయిందన్నట్టు. మళ్ళీ గుడ్డవైపు వంగింది.

చిన్నది ఇంకేదో అనబోయింది. తండ్రివైపు చూసింది. ఆయన లేసు మళ్ళీ మొదటినుంచీ కట్టుకుంటున్నాడు. చిన్నది వెళ్ళి పడుకుంది.

ఆ రోజే తల్లి మీగడ రంగు గుడ్డ బయటికి తీసింది. బల్ల శుభ్రంగా తుడిచి, గుడ్డ పరిచి, అరచేతితో ముడతలు సవరించింది. టేపు పక్క గోడకు వేలాడుతూనే ఉంది. దాని జోలికి పోలేదు. కాసేపు కళ్ళు మూసుకుంది. తరవాత సుద్ద చేతిలో దానంతటదే నడిచింది. మెడ, భుజం, చంక, అక్కడినుంచి కిందికి పొడవాటి గీత. చెయ్యి గీస్తున్నప్పుడు ఆమె ఎక్కడా ఆగలేదు, ఎక్కడా చెరపలేదు. కత్తెర గుడ్డలోకి దిగుతుంటే ఎన్నాళ్ళకో చేతికి సుఖంగా అనిపించింది.

తరవాతి ఆదివారం డ్రెస్సు సిద్ధమైంది. బేకరీకి సెలవు కాబట్టి అబ్బాయి వచ్చాడు. పిన్ని పిలవకుండానే వచ్చింది. తండ్రి కుర్చీలు సర్దాడు. "పెళ్ళి డ్రెస్సు పెళ్ళికొడుకు ముందే చూడకూడదేమో, మొహం అటు తిప్పుకోమందామా?" అని పిన్ని అడిగితే, "తిప్పుకుంటే నిద్రపోతాడు, వద్దులే," అన్నాడు తండ్రి.

లోపలి గదిలోంచి చిన్నది వచ్చింది.

డ్రెస్సు చేతులు వేళ్ళను దాటి కిందికి వేలాడుతున్నాయి. అంచు నేల మీద కుప్పగా పడింది. భుజాల దగ్గర మాత్రం గుడ్డ బిగుసుకుపోయి, చిన్నది ఊపిరి పీలిస్తే కుట్లు కనబడుతున్నాయి.

"సరిగ్గా నిలబడు," అంది తల్లి.

"సరిగ్గానే నిలబడ్డానమ్మా."

"వీపు నిటారుగా పెట్టు. ఎప్పుడూ ఆ పిండి మీద వంగి వంగి గూనిదానిలా తయారయ్యావు. ఏదీ, చెయ్యెత్తు."

చిన్నది చెయ్యెత్తింది. భుజం దగ్గర కుట్టు పర్రుమంది.

పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అక్కా... ఈ చేతుల పొడవు... ఇది..." అని మధ్యలోనే ఆగిపోయింది.

"ఏం చేతులు? కొంచెం పొడవుంటే మడిచి కుడతాను. దానికింత రాద్ధాంతమెందుకు?" తల్లి సూదులు నోట్లో పెట్టుకుని ముందుకొచ్చింది.

చిన్నది ఒకడుగు వెనక్కి వేసింది. "పిన్నీ, చెప్పు. పూర్తిగా చెప్పు. అందరికీ కనబడుతోంది కదా."

"నాకేం తెలుసమ్మా, నేనేదో..."

"సరే, నేనే చెప్తా. అమ్మా, ఈ డ్రెస్సు నువ్వు నాకు కుట్టలేదు."

తల్లి నోట్లోంచి సూదులు తీసింది. "నా చేతికి ఇప్పటిదాకా తప్పు రాలేదు. ఈ వీధిలో ఎవర్నైనా అడుగు."

"తప్పు రాలేదమ్మా. ఇందులోనూ రాలేదు. అక్కకి వేసి చూస్తే ఎక్కడా వంక పెట్టడానికుండదు."

తండ్రి కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"నోర్ముయ్," అంది తల్లి, చాలా నెమ్మదిగా.

"ఇన్నాళ్ళూ మూసుకునే ఉన్నాను. ఆ హాలు ఎవరు చూసింది? అక్క. మెట్ల మీంచి దిగి రావాలని ఎవరికి సరదా? అక్కకి. దీపాలు పెట్టాక పెళ్ళన్నదెవరు? తెల్ల పూలన్నదెవరు? ఆ పూలు దగ్గరికొస్తే నాకు తుమ్ములొస్తాయి. అది తెలుసా నీకు? నువ్వు చేస్తున్నది నా పెళ్ళి కాదమ్మా. అక్క పెళ్ళి. దానికి ఒక మనిషి కావాలి కాబట్టి నన్ను నిలబెడుతున్నావు."

"అది ఉంటే నన్నిలా నలుగురిలో నిలదీసేది కాదు."

ఆ మాట అన్నాక తల్లికే చెవులు గింగురుమన్నాయి. చిన్నది మాత్రం ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ముందే ఎదురుచూసినట్టు తల ఊపింది.

"అవును. అక్క అడిగేది కాదు. కానీ అక్క లేదు. నేనున్నాను. రోజూ పొద్దున్నే ఈ గుమ్మంలోంచి లోపలికొస్తాను. తలుపు చప్పుడు కాగానే నువ్వు తలెత్తుతావు. నన్ను చూసి మళ్ళీ దించుకుంటావు. మూడేళ్ళుగా అంతే. నువ్వు ఎవరికోసం తలెత్తుతున్నావో నాకు తెలుసు. తెలిసే రోజూ లోపలికి వస్తున్నాను."

లోపలికి వెళ్ళి డ్రెస్సు మార్చుకుని వచ్చింది. దాన్ని జాగ్రత్తగా మడత పెట్టి బల్ల మీద ఉంచింది. సెలవు రోజైనా బేకరీకే వెళ్తున్నానని తండ్రికి చెప్పి చెప్పులు వేసుకుంది. అబ్బాయి ఆమె వెనకే లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఏమీ అనకుండా పోవడం మర్యాద కాదనుకున్నాడేమో, వెనక్కి తిరిగాడు.

"ఆంటీ, కుట్టే తెగింది. గుడ్డ చిరగలేదు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

పిన్ని కాసేపు అటూ ఇటూ చూసి, "నేను నోరు మూసుకోవాల్సింది," అంది.

"నీవల్ల ఎప్పుడైందది," అంది తల్లి. కోపంగా కాదు. పిన్ని అక్క భుజం మీద చెయ్యి వేసి, ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళింది. ఆవిడ అలా మాట్లాడకుండా వెళ్ళడం ఆ ఇంటివాళ్ళు మొదటిసారి చూశారు.

సాయంత్రం తండ్రి రెండు కప్పుల్లో టీ కలిపి తెచ్చాడు. తల్లి బల్ల ముందు కూర్చుని డ్రెస్సు భుజం దగ్గర కుట్లు ఊడదీస్తోంది.

"మీకు ముందే తెలుసా?" అని అడిగింది, తలెత్తకుండా.

"హాలు పేరు చెప్పినప్పుడే తెలిసింది."

"మరి చెప్పలేదే?"

ఆయన కప్పు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "నాకూ చూడాలనిపించింది. ఆ మెట్ల మీంచి అది దిగి వస్తే ఎలా ఉండేదో. అది కాకపోతే చిన్నదైనా దిగుతుంది కదా అనుకున్నాను. చిన్నది ఆ రోజు పొద్దున నావైపు చూసింది. నేను లేసు కట్టుకున్నాను. ఇందులో నీ తప్పెంతో నాదీ అంతే."

తల్లి ఊడదీసిన భుజాన్ని వెలుతురులో పెట్టి చూసింది. గుడ్డ ఎక్కువగా ఉంటే ఎంతైనా లోపలికి తీసుకోవచ్చు. తక్కువగా కత్తిరిస్తే పెంచడానికి లేదు. పొడవు తగ్గుతుంది, చేతులు తగ్గుతాయి, భుజం మాత్రం పెరగదు. ఈ సంగతి పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకు మొదటి రోజే చెప్పేది.

"కొత్త గుడ్డ తీసుకోవాలి," అంది. "మళ్ళీ కత్తిరిస్తాను."

పాత దుప్పటి ఒకటి బల్ల మీద పరిచింది, ముందు దాని మీద గీసి చూసుకోవడానికి. సుద్ద తీసుకుంది. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుంది.

ఏమీ కనబడలేదు.

వీధి చివరి కూరగాయలావిడ భుజాలు కనబడ్డాయి. కోటు కుట్టించుకున్న ముసలాయన వంగిన వీపు కనబడింది. పెద్దది టీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడడం, దాని సన్నటి మణికట్టు, పొడవాటి చెయ్యి కనబడ్డాయి. చిన్నదాని కోసం ఎంత వెతికినా ఒక తెల్లటి వదులు చొక్కా వచ్చి నిలబడుతోంది. దాని లోపల మనిషి ఎంతుంటుందో ఆమెకు తెలియదు.

సుద్ద పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. మొగుడు "ఏమైంది?" అని అడిగాడు.

"దాని కొలత నాకు తెలీదండీ," అంది. అప్పుడు ఏడ్చింది. పెద్దది పోయిన రోజు నలుగురి మధ్యా ఏడవలేకపోయిన మనిషి, దుప్పటి మీద తల పెట్టుకుని, చిన్నదాని కోసం ఏడ్చింది. ఆయన ఆమె చేతిలోంచి సుద్ద మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

మర్నాడు చిన్నది ఇంటికి రాలేదు. బేకరీలోనే పై గదిలో పడుకున్నానని తండ్రికి ఫోను చేసింది. ఆ తరవాతి రోజు ఇంకా వెలుగు రాకముందే తల్లి లేచింది. గోడ మీది టేపు తీసి మెడలో వేసుకుని, "నేను బేకరీకి వెళ్తున్నా," అంది.

"నేను రానా?"

"వద్దు. మీరు హాలువాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పండి."

చిన్నది ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న ఆ బేకరీలోకి ఆమె ఎప్పుడూ అడుగు పెట్టలేదు. వెనక తలుపు తోయగానే వేడి ముఖానికి కొట్టింది. పైకప్పు దాకా ట్రేల అరలు, గోడ పొడవునా ఒక పెద్ద చెక్క బల్ల. ఆ బల్ల దగ్గర చిన్నది వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది. ఇంటికి వేసుకొచ్చే చొక్కా మేకుకు తగిలించి ఉంది. చేతులు లేని బనియనులో ఆమె పిండిని మడిచి, అరచేతి మొదళ్ళతో తోసి, మళ్ళీ మడుస్తోంది. ప్రతి తోపుకీ భుజాలు కదిలాయి. వెడల్పాటి, గట్టి భుజాలు. తల్లి తలుపు దగ్గరే నిలబడి చూసింది.

ఓవెన్ ముందున్న అబ్బాయి ముందు చూశాడు. "ఆంటీ!" అన్నాడు, చేతిలో ట్రేతో ఎటు వెళ్ళాలో తెలియక.

చిన్నది తిరిగింది. తల్లి మెడలో టేపు చూసింది.

"పని ఆపకు," అంది తల్లి. "పిండి పాడవుతుందేమో. నేను ఆగుతాను."

"ఇది కాసేపు ఉబ్బాలి. ఏమీ కాదు."

"అయితే చెయ్యెత్తు."

చిన్నది ఒక్క క్షణం ఆలోచించి, పిండి చేతులు దూరంగా చాపి నిలబడింది. తల్లి ముందు భుజం కొలిచింది. టేపు చూసింది. నమ్మలేక మళ్ళీ కొలిచింది.

"ఇంత భుజం ఎప్పుడొచ్చిందే నీకు?"

"బస్తాలు మోస్తే రాదా మరి?"

"రాసుకోడానికి ఏమీ తేలేదు నేను."

"మీరు పైకి చెప్పండి ఆంటీ, నేను గుర్తుపెట్టుకుంటా," అన్నాడు అబ్బాయి ఓవెన్ దగ్గరనుంచి. "పిండి, ఉప్పు, ఈస్టు పాళ్ళన్నీ నాకు నోటికే."

"గుర్తుంచుకోవయ్యా. పెళ్ళాం భుజం ఎంతో మర్చిపోతే కష్టం. ఇంకా ఆంటీ ఏంటి, అత్తయ్య అను."

అబ్బాయి ట్రే జారబోయి పట్టుకున్నాడు. చిన్నదాని పెదవి చివర నవ్వు కదిలి ఆగింది.

తల్లి చెయ్యి కొలుస్తుంటే మోచేతి కింద వరసగా నల్లటి చారలు కనబడ్డాయి. వాటి మీద వేలు పెట్టింది. "ఇవేంటి?"

"ట్రే అంచులు తగిలి కాలినవి. అందరికీ ఉంటాయమ్మా. వాడి చేతులు చూడు, ఇంకా ఎక్కువ."

"మందు రాస్తావా?"

"గుర్తొస్తే."

"గుర్తుపెట్టుకో." కాసేపు ఆ చేతిని వదల్లేదు. "చెయ్యి ఎక్కడి దాకా కావాలి?"

"మోచేతికి పైకి. లేకపోతే పిండి అంటుకుంటుంది."

"రంగు?"

"నీ ఇష్టం."

"నా ఇష్టం చూశావుగా. నువ్వే చెప్పు."

చిన్నది నిజంగానే ఆలోచించింది. "ఆకుపచ్చ. లేత ఆకుపచ్చ. నా దగ్గర ఆ రంగు ఒక్కటీ లేదు. అక్క బట్టల్లోంచి వచ్చినవన్నీ తెలుపో నీలమో."

తల్లి నడుము చుట్టూ టేపు వేసింది. అలా చుట్టినప్పుడు ఆమె ముఖం కూతురి భుజానికి దగ్గరగా వచ్చింది. "నీకు పూలు పడవని నాకు తెలీదే," అంది, వినీ వినిపించకుండా.

"నేను చెప్పలేదు. అక్కకి తెలుసు. తన పెళ్ళిలో నన్ను పూలకి దూరంగా, వంటవాళ్ళ పక్కన కూర్చోబెడతానంది. నీకు అదే సరైన చోటు అని ఏడిపించేది."

తల్లికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కూతురి భుజం మీద నుదురు ఆనించింది. చిన్నది పిండి చేతులతో పట్టుకోవాలా వద్దా అని తటపటాయించి, పట్టుకుంది. తల్లి వీపు మీద రెండు తెల్లటి అరచేతులు అచ్చు పడ్డాయి.

"ఆ రోజు నేనన్న మాట..."

"వదిలేయమ్మా."

"వదలను. నేనన్నాను. అనకూడనిది. నువ్వు మర్చిపోనక్కర్లేదు, నేనూ మర్చిపోను. కానీ ఇంటికి రా."

చిన్నది తల ఊపింది. కాసేపాగి, "పెళ్ళిరోజు అక్క పేరున కూడా ఒక ముద్ద వేద్దామా అమ్మా? నేను పిసుకుతా," అంది.

తల్లి టేపు తీసి మళ్ళీ మెడలో వేసుకుంది. ఓవెన్ లోపల ఏదో చిటపటమంది.

"వద్దే," అంది. "ఆ రొట్టె మీది. అక్కని ఇందులోకి తేవద్దు. దాని సంగతి నేనూ నాన్నా చూసుకుంటాం. ఇన్నాళ్ళూ నీ నెత్తిన పెట్టింది చాలు."

తరవాత చుట్టూ చూసి ఎప్పటి గొంతుతో, "ఇంతకీ వచ్చినవాళ్ళు కూర్చోడానికి బల్లలన్నా ఉన్నాయా, లేకపోతే అందరూ బస్తాల మీదేనా? మీ పిన్ని బస్తా మీద కూర్చుంటే లేపడానికి నాన్న లిఫ్టు తేవాలి," అంది.

అబ్బాయి అప్పుడే తీసిన బన్ను ఒకటి కాగితంలో పెట్టి అందించాడు. "అత్తయ్యా, జాగ్రత్త, వేడి," అన్నాడు. ఆ పిలుపు ఇంకా నోట్లో సరిగ్గా కుదురుకోలేదు.

ముగ్గురూ పెరట్లో నిలబడి తిన్నారు. అప్పుడే వెలుగు వస్తోంది. పక్క గోడ మీదుగా అది నేల మీదికి దిగి ఖాళీ ట్రేల మీద పడింది. మేము చెప్పుకునే మాటలు ఇక్కడ నిలబడి చెప్పుకుంటామని చిన్నది చూపించింది. అబ్బాయి ఎప్పుడూ చూడనంత మెలకువగా ఉన్నాడు. ఈ మనిషేనా మా ఇంట్లో చెంచా పట్టుకుని నిద్రపోయింది అనుకుంది తల్లి. అతను నిద్రమొహం కాదు, తామే అతన్ని తప్పు వేళకు పిలిచారు.

వారం తిరిగేసరికి లేత ఆకుపచ్చ గుడ్డ బల్ల మీదికి వచ్చింది. అబ్బాయి అప్పగించిన అంకెల్లో ఒక్కటీ తప్పు లేదు. అయినా తల్లి ప్రతి గీతా టేపు పెట్టే గీసింది. సాయం చేస్తానని వచ్చిన పిన్ని, అక్క టేపు పెట్టడం చూసి నోరు తెరిచి, ఎందుకో మళ్ళీ మూసుకుంది. చిన్నది నిద్రలేచి వచ్చి వేసి చూసుకుంది. రెండు చేతులూ పైకెత్తింది, ముందుకు తోసింది, వెనక్కి తిప్పింది. ఎక్కడా ఒక్క కుట్టు బిగుసుకోలేదు. వేసుకున్న డ్రెస్సుతోనే వెళ్ళి తండ్రిని లేపి చూపించింది.

"దీంతో బస్తా కూడా మొయ్యొచ్చు," అన్నాడాయన.

ఆమె బేకరీకి వెళ్ళిపోయాక పిన్ని దారపు ముక్కలు ఏరుతూ, "బావగారు హాలు వద్దని చెప్పేశారు. పూలవాళ్ళకి నేను చెప్పాను. బల్లలు బేకరీవాళ్ళే చూసుకుంటారట. నేను పిండి పిసకడం ఇంట్లో అలవాటు చేసుకుంటున్నాను, నలుగురిలో నవ్వులపాలు కాకుండా. ఇంక చెయ్యాల్సిందేమీ మిగల్లేదు కదక్కా?" అని అడిగింది.

తల్లి కత్తెర బల్ల మీద పెట్టింది.

"చిన్నదాని పెళ్ళికి ఏమీ మిగల్లేదు," అంది. "పెద్దదాని పెళ్ళే చెయ్యకుండా మిగిలిపోయింది."